పాత డెస్క్‌టాప్‌కు కొత్త ర్యామ్: కొనే ముందు సరిచూసుకోవలసిన అంశాలు

పదేళ్లు దాటిన డెస్క్‌టాప్ కంప్యూటర్ నెమ్మదించినప్పుడు దాన్ని తీసేసి కొత్తది కొనాలా, లేక ఉన్నదానికే మెమరీ పెంచుకుని మరికొన్నేళ్లు నడుపుకోవాలా అన్న ప్రశ్న ఇళ్లలోను, చిన్న కార్యాలయాల్లోను, పాఠశాలల్లోను తరచుగా ఎదురవుతుంది. ర్యామ్ పెంచడం తక్కువ ఖర్చుతో తేలికగా అయ్యే పని అన్న పేరుంది. అది చాలావరకు నిజమే. అయితే దుకాణంలో కొన్న ర్యామ్ ఇంటికి తెచ్చాక స్లాట్‌లో పట్టకపోవడం, పట్టినా కంప్యూటర్ ఆన్ కాకపోవడం, ఆన్ అయినా కొన్న మెమరీలో సగమే కనిపించడం కూడా అరుదేమీ కాదు. ఈ మూడు వైఫల్యాలకూ వేర్వేరు కారణాలున్నాయి. వాటిని డబ్బు చెల్లించకముందే పసిగట్టవచ్చు.

2025 చివరి నెలల నుంచి ఈ జాగ్రత్త మరింత అవసరమైంది. కృత్రిమ మేధ సర్వర్లకు కావలసిన మెమరీ వైపు తయారీ సంస్థలు మళ్లడంతో ప్రపంచవ్యాప్తంగా ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. పాత కంప్యూటర్లలో వాడే డీడీఆర్3 రకం ఉత్పత్తిని పెద్ద సంస్థలు ఇదివరకే తగ్గించాయి. అందువల్ల మార్కెట్‌లో దొరికే పాతతరం ర్యామ్‌లో చాలా భాగం ఇతర యంత్రాల నుంచి తీసినదే. ఇలాంటి సమయంలో సరిపడని ర్యామ్ కొంటే డబ్బు వృథా కావడమే కాక, నడవగలిగిన యంత్రాన్ని పనికిరాదనుకుని తుక్కుకు వేసే పరిస్థితి కూడా రావచ్చు.

లోపం ర్యామ్‌దేనా?

కంప్యూటర్ నెమ్మదించడానికి ప్రతిసారీ మెమరీ కొరతే కారణం కాదు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, రోజూ చేసే పనులన్నీ ఒకేసారి నడుస్తున్నప్పుడు ‘పెర్ఫార్మెన్స్’ విభాగంలో మెమరీ వాడకం ఎంత ఉందో చూడాలి. అది ఎప్పుడూ 85, 90 శాతానికి పైనే ఉంటూ, డిస్క్ కూడా విరామం లేకుండా పనిచేస్తుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. ర్యామ్‌లో చోటు చాలని సమాచారాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ హార్డ్ డిస్క్‌పైకి పంపి, అవసరమైనప్పుడు మళ్లీ వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ రాకపోకల వల్లే కంప్యూటర్ నెమ్మదిస్తుంది.

మెమరీ వాడకం సగం దగ్గరే ఉన్నా డిస్క్ మాత్రం 100 శాతం చూపుతుంటే లోపం పాత హార్డ్ డిస్క్‌ది. అక్కడ ర్యామ్ పెంచినా ఫలితం అంతంతమాత్రమే. అదే డబ్బుతో ఎస్‌ఎస్‌డీ వేసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. ప్రాసెసర్ వాడకం ఎప్పుడూ 100 శాతం దగ్గర ఉంటే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రెండూ పెద్దగా సాయపడవు.

నిర్ణయించేది మెమరీ కంట్రోలర్

ఏ ర్యామ్ సరిపోతుందో చెప్పేది ర్యామ్ మీద ఉన్న కంపెనీ పేరు కాదు. కంప్యూటర్‌లోని మెమరీ కంట్రోలర్ ఏ తరం మెమరీని, ఎంత వేగంతో, ఎంత పరిమాణం వరకు, ఎలాంటి చిప్‌లతో గుర్తించగలదన్నదే అసలు విషయం. ఈ కంట్రోలర్ ఎక్కడ ఉందో తెలిస్తే వివరాలు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

కోర్ 2 డ్యుయో, పెంటియమ్ డ్యుయల్ కోర్ కాలపు ఇంటెల్ కంప్యూటర్లలో మెమరీ కంట్రోలర్ మదర్‌బోర్డు మీది చిప్‌సెట్‌లో ఉండేది. కాబట్టి వాటి విషయంలో జీ31, జీ41 వంటి చిప్‌సెట్ పేరు తెలుసుకోవాలి. 2008లో వచ్చిన తొలి కోర్ ఐ7 నుంచి ఇంటెల్ దాన్ని ప్రాసెసర్‌లోకి మార్చింది. ఏఎమ్‌డీ ఆ పని 2003లో వచ్చిన అథ్లాన్ 64తోనే చేసింది. ఆ తరువాతి యంత్రాలకు ప్రాసెసర్ నంబరు, మదర్‌బోర్డు మోడల్ రెండూ అవసరం. ప్రాసెసర్ 32 జీబీ వరకు గుర్తించగలిగినా, బోర్డు మీద రెండు స్లాట్లే ఉంటే పరిమితి 16 జీబీ దగ్గరే ఆగిపోవచ్చు. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే పరిమితి.

తరం కలవకపోతే స్లాట్‌లో పట్టదు

డెస్క్‌టాప్ ర్యామ్ తరాలు ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కావు. ప్రతి తరానికీ పిన్నుల సంఖ్యగాని, అంచు మీది గాటు ఉండే చోటుగాని, పనిచేసే వోల్టేజీగాని మారుతుంది. ముఖ్యమైన తేడాలు ఇవి:

డీడీఆర్: 184 పిన్నులు, 2.5 వోల్టులు. 2000 దశకం తొలి సగంలోని యంత్రాలు.

డీడీఆర్2: 240 పిన్నులు, 1.8 వోల్టులు. ప్రమాణం 2003లో వెలువడింది. పెంటియమ్ డ్యుయల్ కోర్, కోర్ 2 డ్యుయో కాలపు యంత్రాల్లో ఎక్కువ.

డీడీఆర్3: 240 పిన్నులు, 1.5 వోల్టులు. ప్రమాణం 2007లో వెలువడింది. ఇంటెల్ కోర్ ప్రాసెసర్ల తొలి నాలుగు తరాల డెస్క్‌టాప్‌లు, ఏఎమ్‌డీ ఏఎమ్3, ఎఫ్‌ఎమ్2 యంత్రాలు.

డీడీఆర్4: 288 పిన్నులు, 1.2 వోల్టులు. ప్రమాణం 2012లో వెలువడింది. ఇంటెల్ ఆరో తరం నుంచి, ఏఎమ్‌డీ రైజెన్ ఏఎమ్4 యంత్రాలు.

డీడీఆర్5: 288 పిన్నులు, 1.1 వోల్టులు. ప్రమాణం 2020లో వెలువడింది.

డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240 పిన్నులే ఉన్నా గాటు ఒకే చోట ఉండదు. డీడీఆర్4, డీడీఆర్5 విషయమూ అంతే. తప్పు రకం ర్యామ్ స్లాట్‌లోకి దిగకుండా ఉండేందుకే ఆ గాటును ఏర్పాటు చేశారు. కాబట్టి పట్టని ర్యామ్‌ను బలవంతంగా నొక్కకూడదు. స్లాట్ విరిగితే మదర్‌బోర్డే పోతుంది.

రెండు రకాల స్లాట్లూ ఉన్న జీ41 బోర్డులు కొన్ని ఉన్నాయి. వాటిలో డీడీఆర్2 గాని, డీడీఆర్3 గాని వాడుకోవచ్చు. రెండింటినీ కలిపి వాడకూడదు. ఆరో తరం ఇంటెల్ బోర్డుల్లో కొన్ని డీడీఆర్4కు, మరికొన్ని డీడీఆర్3ఎల్‌కు తయారయ్యాయి. అందువల్ల ప్రాసెసర్ తరం ఒక్కటే చూసి ర్యామ్ కొనడం సరికాదు.

మరొక తేడా పరిమాణానిది. మామూలు డెస్క్‌టాప్ ర్యామ్ పొడవు సుమారు 133 మిల్లీమీటర్లు. ల్యాప్‌టాప్‌లలో వాడే పొట్టి ర్యామ్ అందులో దాదాపు సగం. మానిటర్‌లోనే అన్నీ ఇమిడి ఉండే ఆల్ ఇన్ వన్ యంత్రాల్లోను, అరచేతి పరిమాణపు మినీ డెస్క్‌టాప్‌లలోను ఈ పొట్టి రకమే ఎక్కువగా ఉంటుంది. పేరుకు డెస్క్‌టాప్ అయినా దానికి కావలసింది ల్యాప్‌టాప్ ర్యామ్.

వోల్టేజీ: డీడీఆర్3, డీడీఆర్3ఎల్

డీడీఆర్3లోనే 1.35 వోల్టులతో పనిచేసే రకాన్ని డీడీఆర్3ఎల్ అంటారు. లేబుల్ మీద ‘పీసీ3ఎల్’ అని ఉంటుంది. ప్రమాణం ప్రకారం డీడీఆర్3ఎల్ ర్యామ్ 1.5 వోల్టుల దగ్గర కూడా పనిచేస్తుంది కాబట్టి పాత డీడీఆర్3 బోర్డుల్లో సాధారణంగా ఇబ్బంది ఉండదు. దీనికి తిరుగుడు మాత్రం కుదరదు. 1.35 వోల్టులకు మాత్రమే తయారైన బోర్డులో మామూలు డీడీఆర్3 వేయకూడదు. ముఖ్యంగా ఆరో తరం ఇంటెల్ యంత్రాల్లో ఎక్కువ వోల్టేజీ ర్యామ్ వాడటం ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌కు మంచిది కాదు.

లేబుల్ మీది అక్షరాల అర్థం

ర్యామ్ మీద అంటించిన కాగితంపై ‘4జీబీ 2ఆర్×8 పీసీ3-10600యూ’ వంటి వరుస కనిపిస్తుంది. దాన్ని చదవడం వస్తే దుకాణదారు మాట మీద ఆధారపడవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

ఇందులో 4జీబీ పరిమాణం. ‘పీసీ3’ అంటే డీడీఆర్3. 10600 అన్నది సెకనుకు ఎన్ని మెగాబైట్ల సమాచారం పంపగలదో చెప్పే సంఖ్య. దీన్ని 8తో భాగిస్తే సుమారు 1333 వస్తుంది. దుకాణాల్లో ‘1333 ర్యామ్’ అనేది దీన్నే. అదే లెక్కన పీసీ2-6400 అంటే డీడీఆర్2 800, పీసీ3-12800 అంటే డీడీఆర్3 1600, పీసీ4-19200 అంటే డీడీఆర్4 2400. ఒకే ర్యామ్‌ను కొందరు 1600 అని, మరికొందరు 12800 అని పిలవడం వల్ల కలిగే గందరగోళం ఈ లెక్కతో తీరిపోతుంది.

చివరనున్న అక్షరం మరింత ముఖ్యం. ‘యూ’ అంటే మామూలు డెస్క్‌టాప్ రకం. ‘ఎస్’ అంటే ల్యాప్‌టాప్ రకం. ‘ఆర్’ అంటే సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ రకం. ‘ఈ’ అంటే తప్పులను సరిదిద్దే ఈసీసీ రకం.

వేగం విషయంలో నియమం తేలికైనది. బోర్డు గుర్తించగల వేగానికి మించిన ర్యామ్ వేస్తే సాధారణంగా అది తగ్గిన వేగంతో నడుస్తుంది. రెండు వేర్వేరు వేగాల ర్యామ్‌లు కలిపితే రెండూ నిదానమైన దాని వేగంతోనే నడుస్తాయి. 1333 దగ్గర ఆగిపోయే యంత్రానికి 1600 ర్యామ్ తక్కువ ధరకు దొరికితే తీసుకోవచ్చు. కాని ఆ వేగం కోసం అదనంగా చెల్లించడం వృథా.

చిప్‌ల సాంద్రత వల్ల వచ్చే చిక్కు

తరం కలిసినా, స్లాట్‌లో చక్కగా దిగినా కంప్యూటర్ ఆన్ కాకపోవడానికి, లేదా సగం మెమరీనే చూపడానికి తరచుగా కనిపించే కారణం చిప్‌ల సాంద్రత. 4 జీబీ ర్యామ్‌ను రెండు విధాలుగా తయారు చేయవచ్చు. 2 గిగాబిట్ల చిప్‌లు 16 పెట్టవచ్చు, లేదా 4 గిగాబిట్ల చిప్‌లు 8 పెట్టవచ్చు. మొత్తం పరిమాణం ఒకటే. కాని పాత కంట్రోలర్‌కు 4 గిగాబిట్ల చిప్‌ను చదవడం రాదు.

దీనికి జీ41 చిప్‌సెట్ మంచి ఉదాహరణ. దాని గరిష్ఠ పరిమితి 8 జీబీ. డీడీఆర్3 స్లాట్లున్న జీ41 బోర్డులో 4 జీబీ ర్యామ్ పనిచేయాలంటే దాని మీద రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉండాలి. ఇప్పుడు ఎక్కువగా దొరికే 4 జీబీ ర్యామ్‌లకు 8 చిప్‌లే ఉంటాయి. అవి వేస్తే బోర్డు ఆన్ కాకపోవచ్చు, లేదా 2 జీబీ మాత్రమే చూపవచ్చు. ర్యామ్‌లోనూ లోపం లేదు, బోర్డులోనూ లోపం లేదు. ఆ రెండింటికీ పొత్తు కుదరలేదంతే.

రెండో తరం, మూడో తరం ఇంటెల్ కోర్ ప్రాసెసర్లు 4 గిగాబిట్ల చిప్‌లను గుర్తిస్తాయి. కాబట్టి వాటిలో 8 చిప్‌ల 4 జీబీ ర్యామ్ పనిచేస్తుంది. 8 జీబీ ర్యామ్ అయితే 16 చిప్‌లు ఉన్నది తీసుకోవాలి. ఎనిమిదే చిప్‌లతో వచ్చే 8 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లో 8 గిగాబిట్ల చిప్‌లుంటాయి. వాటిని ఆ తరాల కంట్రోలర్లు గుర్తించవు. జీ31 బోర్డుల విషయంలో ప్రయాసే అనవసరం. వాటి పరిమితి మొత్తం 4 జీబీయే.

చవక ర్యామ్ వెనక ఉన్న కారణాలు

సాధారణ ధరకంటే బాగా తక్కువకు వచ్చే పాతతరం ర్యామ్‌లో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి.

మొదటిది ‘ఏఎమ్‌డీకి మాత్రమే’ అని చెప్పి అమ్మేది. ఇందులో చిప్‌ల అమరిక వేరు. లేబుల్‌పై ‘×8’ బదులు ‘×4’ ఉంటుంది. ఈ అమరికను కొన్ని ఏఎమ్‌డీ ప్రాసెసర్లు గుర్తిస్తాయి, ఇంటెల్ డెస్క్‌టాప్ కంట్రోలర్లు గుర్తించవు. పైకి 16 చిప్‌లతో మామూలు ర్యామ్ లాగే కనిపిస్తుంది కనుక చిప్‌ల లెక్క ఒక్కటే చూసి మోసపోయే వీలుంది. ఇంటెల్ యంత్రానికి కొనేటప్పుడు ‘1ఆర్×8’ లేదా ‘2ఆర్×8’ అని ఉన్నదే తీసుకోవాలి. లేబుల్ లేని ర్యామ్‌ను పరీక్షించకుండా కొనరాదు.

రెండోది డేటా సెంటర్ల నుంచి తీసేసిన సర్వర్ ర్యామ్. అదీ డీడీఆర్3 లేదా డీడీఆర్4 రకమే కాబట్టి డెస్క్‌టాప్ స్లాట్‌లో ఏ అడ్డూ లేకుండా దిగుతుంది. కాని రిజిస్టర్డ్ ర్యామ్‌తో మామూలు డెస్క్‌టాప్ ఆన్ కాదు. దీన్ని గుర్తించడం కష్టం కాదు. లేబుల్ చివర ‘ఆర్’ ఉంటుంది. ఈసీసీ ర్యామ్ మీద చిప్‌ల వరుసలో 8కి బదులు 9, రెండు వైపులా అయితే 16కి బదులు 18 ఉంటాయి. రిజిస్టర్ లేని ఈసీసీ రకం కొన్ని డెస్క్‌టాప్‌లలో మామూలు ర్యామ్‌గా నడుస్తుంది, కొన్నింటిలో నడవదు. ఆ పూచీ మీద కొనడం మంచిది కాదు.

ఆపరేటింగ్ సిస్టమ్ పరిమితి

8 జీబీ వేసినా విండోస్ 3 జీబీ పైచిలుకు మాత్రమే వాడుకుంటుంటే ముందుగా అనుమానించవలసింది 32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను. 32 బిట్లతో లెక్కించగల చిరునామాలు 429 కోట్ల పైచిలుకు, అంటే 4 జీబీ. అందులో కొంత భాగం గ్రాఫిక్స్ వంటి పరికరాలకు పోతుంది. మిగిలేది 3 నుంచి 3.5 జీబీ. ‘సిస్టమ్’ వివరాల్లో 32 బిట్ అని ఉంటే, ప్రాసెసర్ 64 బిట్‌దే అయినట్లయితే, 64 బిట్ విండోస్‌ను కొత్తగా ఎక్కించుకోవాలి. ఆ పనికి ముందు ఫైళ్లన్నీ వేరేచోట భద్రపరచుకోవాలి.

పాత విండోస్ 7లో సంచికను బట్టి కూడా పరిమితి ఉంది. 64 బిట్ హోమ్ బేసిక్ 8 జీబీ వరకు, హోమ్ ప్రీమియం 16 జీబీ వరకు మాత్రమే వాడుకుంటాయి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. ర్యామ్ పెంచితే విండోస్ 11 వేసుకోవచ్చన్న అభిప్రాయం సరికాదు. విండోస్ 11కు కావలసిన కనీస ర్యామ్ 4 జీబీయే. పాత యంత్రాలను అడ్డుకునేవి టీపీఎమ్ 2.0 భద్రతా చిప్, ఆమోదిత ప్రాసెసర్ల జాబితా. ఇంటెల్‌లో ఆ జాబితా దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. అంతకంటే పాత యంత్రాన్ని ఇంటర్నెట్‌తో సురక్షితంగా వాడాలనుకునేవారు లినక్స్ వైపు చూడవచ్చు. లినక్స్ మింట్ వంటివి 4 జీబీ మెమరీతో సౌకర్యంగా నడుస్తాయి.

జతగా వేయడం వల్ల ప్రయోజనం

చాలా డెస్క్‌టాప్‌లలో మెమరీ కంట్రోలర్‌కు రెండు దారులుంటాయి. ఒకే 8 జీబీ ర్యామ్ వేస్తే ఒక దారి మాత్రమే పనిచేస్తుంది. రెండు 4 జీబీ ర్యామ్‌లు వేస్తే రెండు దారులూ కలిసి పనిచేస్తాయి. దీన్నే డ్యుయల్ చానల్ అంటారు. విడి గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో తెరమీది దృశ్యాలకు కూడా ఈ ర్యామే వాడుకలో ఉంటుంది కాబట్టి అక్కడ ఈ తేడా బాగా తెలుస్తుంది. జత ర్యామ్‌ల పరిమాణం, వేగం, చిప్‌ల అమరిక ఒకటే అయితే మేలు. కంపెనీ ఒకటే కావాలన్న నియమం లేదు. కాని ఒకే మోడల్ జత దొరికితే పేచీ వచ్చే అవకాశం తక్కువ.

నాలుగు స్లాట్ల బోర్డులో జతను పక్కపక్కన వేయాలో, ఒకటి విడిచి ఒకటి వేయాలో మాన్యువల్‌లో ఉంటుంది. సాధారణంగా ఒకే రంగు స్లాట్లు ఒక జతకు ఉద్దేశించినవి.

ఉన్న యంత్రం వివరాలు తెలుసుకోవడం ఎలా

క్యాబినెట్ తెరవకుండానే చాలా వివరాలు తెలుస్తాయి. విండోస్ 10 టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ కింద వేగం, మొత్తం స్లాట్లలో ఎన్ని వాడుకలో ఉన్నాయి అన్నవి కనిపిస్తాయి. ఉచితంగా దొరికే సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘మెయిన్‌బోర్డ్’ పేజీ బోర్డు మోడల్‌ను, చిప్‌సెట్‌ను చూపుతుంది. ‘ఎస్‌పీడీ’ పేజీ ఒక్కో స్లాట్‌లోని ర్యామ్ తయారీదారు, పరిమాణం, వేగం, వోల్టేజీ చెబుతుంది. ఈ సమాచారం ర్యామ్ మీదే ఉన్న చిన్న చిప్ నుంచి వస్తుంది కాబట్టి, పైన అంటించిన లేబుల్ మార్చినా ఇక్కడ అసలు సంగతి బయటపడే అవకాశం ఎక్కువ. లినక్స్‌లో డీఎమ్‌ఐడీకోడ్ అనే ఆదేశం ఇలాంటి వివరాలే ఇస్తుంది.

గరిష్ఠ పరిమితి కోసం మాత్రం సాఫ్ట్‌వేర్ చూపే సంఖ్యను నమ్మకూడదు. బయోస్‌లో రాసిన సంఖ్య కొన్నిసార్లు తప్పుగా ఉంటుంది. మదర్‌బోర్డు మాన్యువల్, తయారీదారు వెబ్‌సైట్‌లోని మెమరీ మద్దతు జాబితా సరైన ఆధారాలు. కంపెనీ తయారుచేసిన డెస్క్‌టాప్ అయితే వెనక ఉన్న మోడల్ నంబరు లేదా సర్వీస్ ట్యాగ్‌తో వివరాలు దొరుకుతాయి. అసెంబుల్డ్ యంత్రమైతే మోడల్ పేరు బోర్డు మీదే ముద్రించి ఉంటుంది. బయోస్ పాతదైతే కొత్త వెర్షన్ వచ్చిందేమో చూడాలి. పెద్ద ర్యామ్‌లను గుర్తించే సవరణ అందులో ఉండవచ్చు.

ఒక ఉదాహరణ

2012 ప్రాంతంలో అసెంబుల్ చేయించిన ఒక యంత్రాన్ని తీసుకుందాం. బోర్డు చిప్‌సెట్ హెచ్61, ప్రాసెసర్ రెండో తరం కోర్ ఐ3, ఒక స్లాట్‌లో 2 జీబీ డీడీఆర్3 1333, రెండో స్లాట్ ఖాళీ, 32 బిట్ విండోస్ 7. దేశంలో ఆ కాలపు యంత్రాల్లో ఇలాంటి కూర్పు చాలా సామాన్యం.

హెచ్61 పరిమితి 16 జీబీ, స్లాట్లు రెండు. రెండో తరం ప్రాసెసర్‌తో వేగం 1333 దగ్గర ఆగుతుంది. మూడో తరం ప్రాసెసర్ ఉంటే 1600 వరకు వెళుతుంది. ఇంటి అవసరాలకు 8 జీబీ చాలు. ఖాళీ స్లాట్‌లో ఒక 4 జీబీ చేర్చితే మొత్తం 6 జీబీ అవుతుంది. ఇది తక్కువ ఖర్చు. పాత 2 జీబీ తీసేసి రెండు 4 జీబీలు జతగా వేస్తే 8 జీబీతో పాటు డ్యుయల్ చానల్ ప్రయోజనం పూర్తిగా దక్కుతుంది. కొనవలసిన ర్యామ్ మీద ఉండవలసినవి: 4జీబీ, పీసీ3 లేదా పీసీ3ఎల్, 10600 లేదా 12800, ×8, చివర యూ. ఆపరేటింగ్ సిస్టమ్‌ను 64 బిట్‌కు మార్చకపోతే ఈ ఖర్చులో సగానికి పైగా అక్కరకు రాదు. మొత్తం బడ్జెట్ ఒక్క పనికే సరిపోయి, యంత్రంలో ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే, ఒక 4 జీబీ ర్యామ్‌తో పాటు చిన్న ఎస్‌ఎస్‌డీ తీసుకోవడం ఎక్కువ మేలు చేస్తుంది.

దుకాణంలో అడగవలసినవి

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఢిల్లీ నెహ్రూ ప్లేస్, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్, ముంబై లామింగ్టన్ రోడ్ వంటి కంప్యూటర్ మార్కెట్లలో పాతతరం ర్యామ్ కోసం వెతకవచ్చు. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. ఎక్కడ కొన్నా కొన్ని జాగ్రత్తలు ఒకటే.

పాత ర్యామ్‌ను, లేదా దాని లేబుల్ ఫొటోను, బోర్డు మోడల్ పేరును వెంట తీసుకెళ్లాలి. వీలైతే క్యాబినెట్‌నే తీసుకెళ్లి అక్కడే వేయించి చూసుకోవాలి. సరిపడకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారో బిల్లు మీద రాయించుకోవాలి. కొత్తదా, వాడినదా అన్నది స్పష్టంగా అడగాలి. వాడిన ర్యామ్ కొనడంలో తప్పు లేదు. హార్డ్ డిస్క్‌లా అందులో తిరిగే భాగాలు లేవు కాబట్టి సరిగా పరీక్షించిన పాత ర్యామ్ చాలాకాలం పనిచేస్తుంది. పిన్నులు నల్లబడినా, గీతలు పడినా, చిప్ అంచు విరిగినా తీసుకోకూడదు.

అమర్చడం, పరీక్షించడం

కంప్యూటర్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, కరెంటు తీగ తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. లోపల మిగిలిన విద్యుత్తు దానితో పోతుంది. ర్యామ్‌ను ముట్టుకునే ముందు క్యాబినెట్ లోపలి ఇనుప భాగాన్ని తాకాలి. ఒంటి మీది స్థిర విద్యుత్తు చిప్‌లను దెబ్బతీయగలదు. ర్యామ్‌ను అంచులతోనే పట్టుకోవాలి. స్లాట్ చివరి క్లిప్పులు తెరిచి, గాటును స్లాట్‌లోని గట్టుతో సరిచూసి, రెండు చివరలా సమానంగా నొక్కితే క్లిప్పులు వాటంతటవే మూసుకుంటాయి.

తెర వెలగకుండా బీప్ శబ్దాలు వస్తే గాభరా పడనక్కరలేదు. చాలా బోర్డుల్లో అది ర్యామ్ సరిగా కూర్చోలేదన్న సంకేతం. తీసి మళ్లీ వేయాలి. కొత్తదాన్ని ఒంటరిగా, పాతదాన్ని ఒంటరిగా, ఒక్కో స్లాట్‌లో మార్చి చూస్తే లోపం ఏ ర్యామ్‌లో ఉందో, ఏ స్లాట్‌లో ఉందో తేలిపోతుంది.

ఆన్ అయినంత మాత్రాన పని పూర్తి కాలేదు. లోపమున్న ర్యామ్ రోజుల తరబడి బాగానే నడిచి, ఒకనాడు ఫైళ్లను పాడుచేయవచ్చు. విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్‌ను గాని, మెమ్‌టెస్ట్86 వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను గాని రాత్రంతా నడపాలి. ఒక్క తప్పు కనిపించినా ఆ ర్యామ్‌ను మార్పించుకోవాలి. వెనక్కి ఇచ్చే గడువు ముగియకముందే ఈ పరీక్ష చేయడం తప్పనిసరి.

పెంచకపోవడమే మేలైన సందర్భాలు

బోర్డు పరిమితి 4 జీబీ దగ్గరే ఆగిపోయి, అంత మెమరీ ఇప్పటికే ఉంటే చేయగలిగింది లేదు. డీడీఆర్2 యంత్రానికి పెద్ద ర్యామ్ ధర, వాడిన డీడీఆర్3 లేదా డీడీఆర్4 కంప్యూటర్ ధరకు దగ్గరగా వస్తుంటే ఆ ఖర్చు పెట్టడం తెలివి కాదు. బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బినా, ఎస్‌ఎంపీఎస్ తరచూ ఆగిపోతున్నా ముందు ఆ లోపాలను చూడాలి.

తీసేసిన ర్యామ్‌ను, పనికిరాని యంత్రాన్ని చెత్తలో కలపకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం అలాంటి వస్తువులు నమోదైన రీసైక్లింగ్ సంస్థలకు చేరాలి. పనిచేసే ర్యామ్ అయితే అదే తరం యంత్రం ఉన్న మరొకరికి ఉపయోగపడుతుంది. కరెంటు తీయగానే ర్యామ్‌లోని సమాచారం చెరిగిపోతుంది కనుక, హార్డ్ డిస్క్ విషయంలో ఉండే భయం దాన్ని ఇచ్చేటప్పుడు అక్కరలేదు.

తరం, వోల్టేజీ, గరిష్ఠ పరిమితి, చిప్‌ల అమరిక, ఆపరేటింగ్ సిస్టమ్. ఈ అయిదింటినీ ఒక కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళితే పొరపాటుకు తావు చాలా తక్కువ. వీటిలో ఏ ఒక్కటి తేలకపోయినా, అది తేలేవరకు కొనుగోలును వాయిదా వేయడమే మంచిది.